మార్కెటింగ్ ప్రచార ఫలితాల నివేదికను తయారు చేయడం ఎలా

ప్రచారం ముగిసిన మరునాడు డ్యాష్‌బోర్డ్ తెరిచి, అందులో కనిపించిన అంకెలన్నింటినీ స్లైడ్లలోకి ఎక్కించి, దానికి నివేదిక అని పేరు పెట్టడం చాలా సంస్థల్లో అలవాటుగా మారింది. అలా తయారైన ఫైలులో ఇంప్రెషన్లు ఎన్ని, క్లిక్కులు ఎన్ని, కొత్త ఫాలోవర్లు ఎందరు అన్నవన్నీ ఉంటాయి గానీ, బడ్జెట్‌కు అనుమతి ఇచ్చిన అధికారి తెలుసుకోవాలనుకున్నది మాత్రం ఉండదు. ఆ అధికారికి కావలసినవి రెండే విషయాలు: ఈ ఖర్చు పెట్టి ఉండకపోతే ఏది జరగకుండా పోయేది, దాన్ని బట్టి ఇకముందు ఏం చేయాలి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే నివేదికను ఎలా తయారు చేయాలో, ఆ క్రమంలో ఎక్కడెక్కడ పొరపాట్లు దొర్లుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రచారానికి ముందే రాయవలసిన పేజీ

ప్రచారం మొదలుకాకముందే ఒక పేజీ రాసి, దానికి సంబంధితులందరి అంగీకారం తీసుకొని, తేదీ వేసి భద్రపరచాలి. ప్రచారం లక్ష్యం ఏమిటి, ఆ లక్ష్యం నెరవేరిందా లేదా తేల్చే ప్రధాన కొలమానం ఏది, ప్రచారం లేని రోజుల్లో ఆ కొలమానం సాధారణంగా ఎంత ఉంటుంది, ఎంతకు చేరితే సఫలమైనట్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లెక్కించాలి, వేర్వేరు వ్యవస్థల లెక్కల్లో తేడా వస్తే దేన్ని తుది లెక్కగా తీసుకోవాలి అనే విషయాలు అందులో స్పష్టంగా ఉండాలి. ఫలితం ఏ స్థాయిలో ఉంటే ఖర్చు కొనసాగించాలి, ఏ స్థాయిలో ఉంటే ఆపాలి అన్నది కూడా అక్కడే రాసుకుంటే, తర్వాత జరిగే సమావేశంలో సగం వాదనలు అవసరం ఉండవు.

ఇంత ముందుజాగ్రత్త ఎందుకంటే, ఇరవై కొలమానాలను గమనిస్తూ పోతే వాటిలో రెండుమూడు యాదృచ్ఛికంగానైనా పెరుగుతాయి. ఫలితాలు చూశాక కొలమానాన్ని ఎంచుకునే వీలు ఉన్నప్పుడు, ఎంత నిజాయితీపరులైనా పెరిగినవాటి వైపే మొగ్గుతారు; తాము మొగ్గుతున్నామన్న సంగతి కూడా వారికి తెలియదు. ప్రధాన కొలమానం ఒక్కటే ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. మిగిలినవి ఆ ఫలితం ఎందుకు వచ్చిందో వివరించడానికి పనికివస్తాయి, అంతే.

పోలికకు ఆధారంగా తీసుకునే కాలాన్ని కూడా ముందే నిర్ణయించాలి. కేవలం కిందటి నెలతో పోల్చితే, ఏడాదిలో సహజంగా వచ్చే ఎగుడుదిగుళ్లు ప్రచారం ఖాతాలో పడతాయి. కిందటి ఏడాది అదే కాలంతోనూ, ప్రచారానికి ముందున్న ఎనిమిది, పది వారాల ధోరణితోనూ పోల్చడం మేలు. అయితే ఏడాది పాత లెక్కలను వాడేటప్పుడు కొలిచే పరికరం మారిందేమో చూసుకోవాలి. ఉదాహరణకు, వెబ్‌సైట్ సందర్శనలను లెక్కించే గూగుల్ పాత పరికరం యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1న కొత్త డేటాను లెక్కించడం ఆపేసింది. దాని స్థానంలో వచ్చిన గూగుల్ అనలిటిక్స్ 4లో సెషన్ (ఒక సందర్శన), బౌన్స్ రేటు (ఏమీ చేయకుండా వెళ్లిపోయిన సందర్శనల శాతం) వంటి మాటల నిర్వచనాలే మారాయి. ఆ రెండింటి అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం సరికాదు.

ఇదే దశలో చేయవలసిన మరో పని, ప్రతి లింకుకూ యూటీఎం గుర్తులు పెట్టడం. గూగుల్ 2005లో కొనుగోలు చేసిన అర్చిన్ అనే సంస్థ నుంచి వచ్చిన ఈ పద్ధతిలో, సందర్శకుడు ఏ వేదిక నుంచి, ఏ మార్గంలో, ఏ ప్రచారం ద్వారా వచ్చాడో లింకులోనే నమోదవుతుంది. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో రాసిన పేరును, చిన్న అక్షరాలతో రాసిన అదే పేరును వ్యవస్థ రెండు వేర్వేరు పేర్లుగా లెక్కిస్తుంది. ముగ్గురు ముగ్గురికి తోచినట్టు పేర్లు పెడితే ఒకే ప్రచారం నివేదికలో ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. పేర్ల జాబితాను ఒక షీటులో పెట్టి, లింకులన్నీ ఆ షీటు నుంచే తయారయ్యేలా చూడాలి.

లెక్కలు సేకరించి సరిచూడడం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సమర్పించిన ఒక నివేదిక ఇప్పటికీ గుర్తుంది. శోధన ప్రకటనలు, సోషల్ మీడియా ప్రకటనలు, ఈమెయిల్, ఈ మూడింటి డ్యాష్‌బోర్డ్‌లు చూపిన కొనుగోళ్లను కూడి, మొత్తం ఇంత అని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాశాను. ఆ మొత్తం, ఆ నెలలో సంస్థకు వచ్చిన ఆర్డర్లన్నింటికంటే ఎక్కువగా ఉందని ఖాతాల విభాగంలోని ఒక అధికారి సమావేశంలో చూపించారు. ఆ తర్వాత అదే నివేదికలో సరిగ్గా ఉన్న మిగతా లెక్కలను కూడా ఎవరూ నమ్మలేదు. ఆనాటి నుంచి ఏ నివేదికకైనా నేను చేసే మొదటి పరీక్ష, మొత్తాన్ని ఆర్డర్ల పుస్తకంతో పోల్చి చూడడమే.

ఆ తప్పు ఎలా జరుగుతుందో వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇది ఇప్పటికీ అత్యంత సాధారణమైన తప్పు. ఒక వ్యక్తి సోమవారం సోషల్ మీడియాలో ప్రకటనను క్లిక్ చేసి, బుధవారం శోధన ప్రకటన ద్వారా మళ్లీ వచ్చి, గురువారం ఈమెయిల్‌లోని లింకు నొక్కి కొనుగోలు చేశాడనుకుందాం. కొనుగోలు ఒక్కటే అయినా, మూడు వేదికలూ అది తమ వల్లే జరిగిందని నమోదు చేసుకుంటాయి. పైగా ప్రకటన తర్వాత ఎన్ని రోజుల వరకు జరిగిన కొనుగోలును తన ఖాతాలో వేసుకోవాలన్న దానికి ప్రతి వేదికకూ తనదైన గడువు ఉంటుంది. మెటా ప్రకటనల్లో ముందుగా అమర్చి ఉండే గడువు, క్లిక్ చేసిన తర్వాత 7 రోజులు, కేవలం చూసిన తర్వాత 1 రోజు. గూగుల్ యాడ్స్‌లో క్లిక్ తర్వాత 30 రోజులు. ఇలా వేర్వేరు కొలతలతో వచ్చిన సంఖ్యలను కూడకూడదు, ఒకదానితో ఒకటి పోల్చనూకూడదు. మొత్తం ఎంత అన్న ప్రశ్నకు జవాబును ఆర్డర్ల వ్యవస్థ నుంచో, కస్టమర్ల రికార్డుల నుంచో మాత్రమే తీసుకోవాలి. వేదికలు చూపే సంఖ్యలను ఆ వేదికలోని ప్రకటనలలో ఏది బాగా పనిచేసింది అని తేల్చడానికి వాడుకోవచ్చు.

తేదీల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. గూగుల్ యాడ్స్ తన ప్రధాన కన్వర్షన్ల (కొనుగోలు, నమోదు వంటి ఆశించిన చర్యల) గడిలో కొనుగోలును అది జరిగిన రోజుకు కాక, దానికి కారణమైన క్లిక్ జరిగిన రోజుకు జమ చేస్తుంది. అందువల్ల ప్రచారం చివరి వారం లెక్కలు మొదట తక్కువగా కనిపించి, రోజులు గడిచేకొద్దీ పెరుగుతాయి. ప్రచారం ముగిసిన మరునాడే నివేదిక ఇస్తే, చివర్లో ఫలితాలు పడిపోయాయన్న తప్పుడు నిర్ధారణకు వచ్చే ప్రమాదం ఉంది. క్లిక్ నుంచి కొనుగోలు వరకు సాధారణంగా ఎన్ని రోజులు పడుతుందో పాత డేటాలో చూసి, కనీసం అన్ని రోజులు ఆగి తుది లెక్కలు తీయాలి. అత్యవసరమైతే తాత్కాలిక నివేదిక ఇవ్వవచ్చు గానీ, అది తాత్కాలికమని, లెక్కలు తీసిన తేదీ ఇదని మొదటి పేజీలోనే రాయాలి. ఖాతాలన్నింటిలో టైమ్‌జోన్ ఒకటే ఉందో లేదో కూడా చూసుకోవాలి; లేకపోతే రోజువారీ లెక్కలు ఎన్నటికీ కలవవు.

ఇక మిగిలినవి చిన్న పనులే: సొంత సిబ్బంది చేసిన పరీక్షా ఆర్డర్లను తీసేయడం, రద్దయినవాటిని, తిరిగి వచ్చినవాటిని తగ్గించడం, ఒకే వ్యక్తి రెండుసార్లు నింపిన దరఖాస్తులను ఒకటిగా లెక్కించడం.

ఏ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇంప్రెషన్ అంటే ప్రకటన పేజీలోకి లోడ్ కావడం; దాన్ని ఎవరైనా చూశారని దానికి అర్థం కాదు. అమెరికాలోని మీడియా రేటింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం, సాధారణ డిస్‌ప్లే ప్రకటనలో (వెబ్ పేజీలలో కనిపించే బొమ్మల ప్రకటనలో) కనీసం సగం భాగం వరుసగా ఒక సెకను పాటు తెరపై ఉంటే అది చూడదగినదిగా లెక్క. వీడియో ప్రకటనకైతే రెండు సెకన్లు. చూడదగిన ఇంప్రెషన్ అన్నమాట విన్నప్పుడు దాని వెనుక ఉన్నది ఇంత చిన్న గీటురాయి అని పాఠకులకు తెలియజేయడం నివేదిక రాసేవారి బాధ్యత. రీచ్ అంటే ప్రకటన చేరిన వేర్వేరు వ్యక్తుల సంఖ్య. సోమవారం రీచ్‌ను మంగళవారం రీచ్‌తో కూడితే, రెండు రోజులూ చూసినవారు రెండుసార్లు లెక్కకు వస్తారు. వారం రీచ్ కావాలంటే వారానికే విడిగా లెక్క తీయాలి.

ఈమెయిల్ ఎంతమంది తెరిచారన్న లెక్కను ప్రధాన కొలమానంగా వాడడం ఇక మానుకోవాలి. 2021 సెప్టెంబర్‌లో ఐఫోన్ల నిర్వహణ వ్యవస్థ ఐఓఎస్ 15తో పాటు యాపిల్ తెచ్చిన మెయిల్ గోప్యతా రక్షణ, గ్రహీత ఆ ఈమెయిల్‌ను తెరవకపోయినా అందులోని చిత్రాలను ముందుగానే తెచ్చుకుంటుంది. తెరిచిన లెక్క ఆ చిత్రాల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, తెరవనివారు కూడా తెరిచినట్టే నమోదవుతారు. క్లిక్కులు, వాటి తర్వాత జరిగిన నమోదులు లేదా కొనుగోళ్లు, చందా రద్దు చేసుకున్నవారి సంఖ్య, ఇవే ఇప్పుడు నమ్మదగినవి. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో యాపిల్ మరో నియమం తెచ్చింది: ఇతర సంస్థల యాప్‌లలో, వెబ్‌సైట్‌లలో వినియోగదారు కదలికలను గమనించాలంటే, యాప్ ముందుగా ఆ వినియోగదారు అనుమతి అడిగి తీరాలి. చాలామంది ఆ అనుమతి ఇవ్వరు. అప్పటి నుంచి వేదికలు కన్వర్షన్లలో కొంత భాగాన్ని ప్రత్యక్షంగా కొలవలేక, నమూనాల ద్వారా అంచనా వేస్తున్నాయి. నివేదికలో అంచనా సంఖ్య ఉంటే, అది అంచనా అని పక్కనే చెప్పాలి.

వీడియో వీక్షణల విషయంలో 2016లో జరిగినది గుర్తుంచుకోదగినది. సగటు వీక్షణ సమయం లెక్కలో మూడు సెకన్ల కంటే తక్కువ చూసినవారిని వదిలేయడం వల్ల ఆ సగటు వాస్తవం కంటే ఎక్కువగా కనిపించిందని ఫేస్‌బుక్ ఆ ఏడాది అంగీకరించింది. వేదిక ఎంత పెద్దదైనా, సగటును దేనితో భాగించారో అడగడం తప్పు కాదు. పత్రికల్లో, ఛానెళ్లలో వచ్చిన వార్తలను అంతే స్థలంలో ప్రకటన వేస్తే అయ్యే ఖర్చుతో సమానంగా లెక్కగట్టే పాత అలవాటు కూడా ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. ఆ విలువ ప్రజా సంబంధాల పని విలువ కాదని 2010లో బార్సిలోనాలో ఆమోదించిన కొలత సూత్రాలు స్పష్టంగానే చెప్పాయి.

ఖర్చుకు వచ్చిన ప్రతిఫలం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ప్రకటనల ఖర్చు 100 అయి, వాటి ద్వారా వచ్చిన అమ్మకం 400 అయితే, ఖర్చుకు నాలుగింతల ఆదాయం వచ్చిందని డ్యాష్‌బోర్డ్ చూపుతుంది. అయితే ఆ 400 లాభం కాదు. అమ్మకంలో స్థూల లాభం 30 శాతం అయితే మిగిలేది 120. ప్రకటన ఖర్చు పోను నికరంగా 20. స్థూల లాభం 20 శాతమే అయితే మిగిలేది 80, అంటే 20 నష్టం. నాలుగింతలు అన్న అంకె మొదటి సంస్థకు లాభాన్నీ, రెండో సంస్థకు నష్టాన్నీ సూచిస్తోంది. ఒకటిని స్థూల లాభ నిష్పత్తితో భాగిస్తే లాభనష్టాలు సమానమయ్యే స్థాయి తెలుస్తుంది: 30 శాతానికి అది దాదాపు 3.3 రెట్లు, 20 శాతానికి 5 రెట్లు. ఈ స్థాయిని ఆర్థిక విభాగంతో కూర్చొని తేల్చుకొని, నివేదికలో గీతగా చూపించాలి. ఖర్చులోనూ వేదికకు కట్టిన డబ్బు ఒక్కటే కాక ఏజెన్సీ రుసుము, ప్రకటనల తయారీ ఖర్చు, ప్రచారంలో ఇచ్చిన తగ్గింపులు కూడా చేరాలి. తగ్గింపులను వదిలేసిన నివేదికలు నేను చాలా చూశాను. ప్రచారం ఎంత ఎక్కువ తగ్గింపు ఇస్తే అంత గొప్పగా కనిపించడం వాటన్నింటిలో ఉన్న లోపం.

ప్రచారం వల్లే జరిగిందా

నివేదికలో అత్యంత కష్టమైనదీ, అత్యంత విలువైనదీ ఈ భాగమే. ప్రకటన చూసి కొన్నవారిలో కొందరు, ప్రకటన లేకపోయినా కొనేవారే. ప్రకటన వ్యవస్థలు కొనే అవకాశం ఎక్కువగా ఉన్నవారిని వెతికి మరీ ప్రకటన చూపిస్తాయి కాబట్టి ఆ కొందరి సంఖ్య చిన్నది కాకపోవచ్చు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబేలో జరిగిన ప్రయోగం. తన పేరుతో వెతికేవారికి చూపే శోధన ప్రకటనలను ఆ సంస్థ 2012లో కొన్ని శోధన యంత్రాలలో నిలిపివేసి చూసింది. థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ అనే ఆర్థికవేత్తలు 2015లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ప్రకటనలు ఆపడం వల్ల పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం అదే పేజీలోని సాధారణ ఫలితాల ద్వారా తిరిగి వచ్చాయి. ఈబే అని టైపు చేసినవారు ఎలాగూ ఈబేకు వచ్చేవారే. ఇతర పదాల మీద ఇచ్చిన ప్రకటనలు కొత్తవారిపైన, అరుదుగా కొనేవారిపైన కొంత ప్రభావం చూపాయి గానీ, ఖర్చులో అధిక భాగం తరచూ కొనేవారి క్లిక్కులకే పోయింది. డ్యాష్‌బోర్డ్‌లో అన్నింటికంటే చవకగా కన్వర్షన్లు తెచ్చినట్టు కనిపించేవి సాధారణంగా ఈ సొంత పేరు ప్రకటనలే. అందుకే వాటిని నివేదికలో మిగతా శోధన ప్రకటనలతో కలపకుండా, వేరే వరుసలో చూపించాలి.

ప్రచారం వల్ల నిజంగా అదనంగా వచ్చినదెంతో కొలవడానికి ఉత్తమమైన మార్గం, లక్షిత ప్రజల్లో కొంత భాగాన్ని లాటరీ పద్ధతిలో పక్కన పెట్టి, వారికి ప్రకటన చూపకుండా ఉండడం. 1,20,000 మందిలో 20,000 మందిని అలా పక్కన పెట్టామనుకుందాం. ప్రకటనకు కేటాయించిన 1,00,000 మందిలో 2,000 మంది, అంటే 2 శాతం కొన్నారు. పక్కన పెట్టిన 20,000 మందిలో 300 మంది, అంటే 1.5 శాతం కొన్నారు. ప్రకటన లేకపోయినా ఆ లక్షమందిలో దాదాపు 1,500 మంది కొనేవారన్నమాట. ప్రచారం వల్ల అదనంగా వచ్చినవారు 500 మంది. డ్యాష్‌బోర్డ్ చూపిన 2,000లో ఇది నాలుగో వంతు, కాబట్టి ఒక్కొక్క అదనపు కొనుగోలుకు అయిన అసలు ఖర్చు డ్యాష్‌బోర్డ్ చూపిన దానికి నాలుగు రెట్లు. ఈ పోలికలో ఒక నియమం తప్పకూడదు: ప్రకటనకు కేటాయించినవారందరినీ, పక్కన పెట్టినవారందరితో పోల్చాలి. వారిలో ప్రకటనను నిజంగా చూసినవారిని మాత్రమే ఏరుకొని పోల్చితే, లాటరీ వల్ల వచ్చిన సమతూకం అక్కడితో పోతుంది.

వ్యక్తుల స్థాయిలో విభజించడం కుదరనప్పుడు ప్రాంతాల వారీగా చేయవచ్చు. ప్రచారం నడిచిన ప్రాంతాల్లో అమ్మకాలు 1,000 నుంచి 1,120కి, నడవని సారూప్య ప్రాంతాల్లో 800 నుంచి 856కి పెరిగాయనుకుందాం. ప్రచారం లేనిచోట కూడా 7 శాతం పెరుగుదల ఉంది కాబట్టి, ప్రచారం నడిచినచోట 1,070 ఎలాగూ వచ్చేవి. ప్రచారం వల్ల అదనంగా వచ్చినవి 50 మాత్రమే. 120 పెరిగాయని రాస్తే వాస్తవానికి రెండింతలకు పైగా చెప్పినట్టవుతుంది. రెండు ప్రాంతాలూ ప్రచారానికి ముందు కొన్ని నెలల పాటు ఒకే తీరుగా నడిచాయో లేదో గ్రాఫ్ గీసి చూసుకోకుండా ఈ లెక్క వేయకూడదు.

రెండు పద్ధతులూ సాధ్యం కాకపోతే, ఎంత తెలిసిందో అంతే రాయాలి. ప్రచారం వల్ల అమ్మకాలు పెరిగాయి అనే వాక్యానికీ, ప్రచార కాలంలో అమ్మకాలు పెరిగాయి అనే వాక్యానికీ చాలా దూరం ఉంది. రెండోది రాసి, అదే కాలంలో ధర మారిందా, పోటీ సంస్థ సరుకు నిండుకుందా, వేరే ప్రచారం ఏదైనా నడిచిందా అన్నవి కింద పేర్కొంటే, చదివేవారు తమ నిర్ణయాన్ని తాము తీసుకోగలుగుతారు. కొత్త కొనుగోలుదారులను మీ గురించి ఎలా తెలిసిందని నేరుగా అడిగి తీసుకున్న జవాబులను కూడా సహాయక ఆధారంగా చేర్చవచ్చు. మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడే ఆ లెక్క కచ్చితమైనది కాదు గానీ, డ్యాష్‌బోర్డ్‌లకు అసలు కనిపించని మార్గాలను అది బయటపెడుతుంది.

చిన్న సంఖ్యలు, మొత్తం సగటులు

ఒక ప్రకటనకు 1,000 సందర్శనల్లో 20 కన్వర్షన్లు, మరో ప్రకటనకు 1,000 సందర్శనల్లో 26 కన్వర్షన్లు వచ్చాయనుకుందాం. రెండోది 30 శాతం మెరుగని రాయాలనిపిస్తుంది. అయితే గణాంక శాస్త్రం ప్రకారం, మొదటిదాని అసలు రేటు 95 శాతం విశ్వాస స్థాయిలో దాదాపు 1.3 నుంచి 3.1 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, రెండోదాని 2.6 శాతం ఆ పరిధిలోనే ఉంది. ఇంత చిన్న తేడాను నమ్మకంగా గుర్తించాలంటే ఒక్కొక్క వైపు సుమారు 10,000 సందర్శనలు కావాలి. కాబట్టి ప్రతి రేటు పక్కనా అది ఎన్నిటి మీద వచ్చిందో రాయాలి. పెద్ద ప్రచారాలకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది: ర్యాండాల్ లూయిస్, జస్టిన్ రావ్ 2015లో ప్రచురించిన పరిశోధనలో 25 భారీ ప్రకటన ప్రయోగాలను పరిశీలించి, కొనుగోళ్లలో మనిషికీ మనిషికీ ఉండే సహజమైన తేడా వల్ల ప్రతిఫలాన్ని కచ్చితంగా కొలవడం ఎంతో కష్టమని తేల్చారు. అందువల్ల ఒకే అంకె రాయడం కంటే పరిధి రాయడమే నిజాయితీ.

మొత్తం సగటు మరో విధంగా దారి తప్పిస్తుంది. మొదటి వారంలో శోధన ద్వారా 8,000 సందర్శనలు వచ్చి 320 కన్వర్షన్లు, డిస్‌ప్లే ద్వారా 2,000 వచ్చి 10 కన్వర్షన్లు నమోదయ్యాయనుకుంటే, మొత్తం రేటు 3.3 శాతం. రెండో వారంలో శోధన 8,000కు 336, డిస్‌ప్లే 12,000కు 72 వచ్చాయనుకుంటే, శోధన రేటు 4 నుంచి 4.2 శాతానికి, డిస్‌ప్లే రేటు 0.5 నుంచి 0.6 శాతానికి పెరిగినా, మొత్తం రేటు 2.04 శాతానికి పడిపోయింది. ఏ మార్గమూ దిగజారలేదు. తక్కువ రేటు ఉన్న మార్గం వాటా పెరిగింది, అంతే. మొత్తం రేటు పడిపోయిందన్న ఒక్క వాక్యం చూసి ఎవరైనా రెండు ప్రకటనలనూ మార్చేస్తే, బాగున్నదాన్ని చెడగొట్టినట్టవుతుంది. మొత్తం అంకె పక్కనే మార్గాల వారీ విభజన ఉండితీరాలి.

రాయడం

మొదటి పేజీ చదివి మిగతాది మూసేసేవారికి కూడా పూర్తి జవాబు అందాలి. ఆ పేజీలో ఇలాంటి పేరా ఒకటి ఉంటే చాలు: "ప్రచార లక్ష్యం 1,200 కొత్త నమోదులు, వచ్చినవి 1,050. ప్రకటన చూపని బృందంతో పోల్చి చూస్తే, వీటిలో దాదాపు 600 ప్రచారం వల్ల అదనంగా వచ్చాయని అంచనా. ఈ సంఖ్య 450 నుంచి 750 వరకు ఉండవచ్చు. ఒక్కొక్క అదనపు నమోదుకు అయిన ఖర్చు, మనం ముందుగా అనుకున్న పరిమితి కంటే 10 శాతం ఎక్కువ. శోధన ప్రకటనలను కొనసాగించాలని, వీడియో ప్రకటనలను రెండు నెలలు ఆపి అదే మొత్తంతో కొత్త ల్యాండింగ్ పేజీని (ప్రకటన నొక్కితే తెరుచుకునే పేజీని) పరీక్షించాలని సిఫారసు చేస్తున్నాం." లక్ష్యం, ఫలితం, అనిశ్చితి, ఖర్చు, సిఫారసు అన్నీ ఐదారు వాక్యాల్లో వచ్చేశాయి. ప్రధాన కొలమానం తగ్గినప్పుడు ఆ సంగతి రెండో పేజీలోకి జారిపోకూడదు.

తర్వాతి పేజీల్లో, ఫలితం ఎందుకు అలా వచ్చిందో చెప్పాలి. ప్రకటన చూసినవారు క్లిక్ చేశారా, క్లిక్ చేసినవారు పేజీలో నిలిచారా, దరఖాస్తు మొదలుపెట్టినవారు పూర్తి చేశారా అని మెట్టుమెట్టుగా చూస్తే ఎక్కడ జనం జారిపోయారో తెలుస్తుంది. ప్రకటన పనిచేసి దరఖాస్తు పేజీ దెబ్బతీసిన సందర్భాలు తక్కువేమీ కావు. అలాంటప్పుడు ప్రకటన రూపొందించిన బృందం మీద నింద పడకుండా కాపాడేది ఈ భాగమే. విఫలమైన ప్రయత్నాన్ని రాసేటప్పుడు ఏం ఆశించాం, ఏం జరిగింది, ఏ అంచనా తప్పింది, దాని వల్ల ఏం మారుస్తున్నాం అని వరుసగా రాయాలి. మార్కెట్ పరిస్థితులు అనుకూలించలేదు వంటి వాక్యాన్ని ఆధారం చూపకుండా రాయకూడదు.

భాషలో రెండు జాగ్రత్తలు చాలు. రేటు 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగితే అది 1 శాతం పాయింటు పెరుగుదల, లేదా 50 శాతం పెరుగుదల. 1 శాతం పెరిగింది అని మాత్రం రాయకూడదు. సాంకేతిక పదం మొదటిసారి వచ్చినచోట దాని అర్థాన్ని ఒక వాక్యంలో చెప్పాలి, ఎందుకంటే కన్వర్షన్ అన్న మాటకు ఒక విభాగంలో కొనుగోలు అని, మరో విభాగంలో దరఖాస్తు నింపడం అని అర్థం ఉండవచ్చు.

గ్రాఫ్‌లు తక్కువగా ఉండాలి. ప్రతి గ్రాఫ్‌కూ, అది చెప్పే విషయాన్నే శీర్షికగా పెట్టాలి. వారాల వారీ నమోదులు అని కాక, మూడో వారం నుంచి నమోదులు తగ్గాయి అని. నిలువు పట్టీల గ్రాఫ్‌లో అక్షం సున్నా నుంచి మొదలుకావాలి, లేకపోతే 5 శాతం తేడా ఐదింతల తేడాలా కనిపిస్తుంది. లక్ష్యాన్ని, లాభనష్టాలు సమానమయ్యే స్థాయిని గీతలుగా చూపిస్తే చదివేవారు పక్క పేజీ తిప్పి చూడనవసరం లేదు.

సమర్పించిన తర్వాత

నివేదిక ఇచ్చిన 30 రోజులకు ఒకసారి, 90 రోజులకు మరోసారి అదే ప్రధాన కొలమానాన్ని తిరిగి లెక్కించి, ఒక పేజీ అనుబంధాన్ని పంపాలి. ఆలస్యంగా వచ్చిన కొనుగోళ్లు, తిరిగి వచ్చిన సరుకు, చందా కొనసాగించినవారు, మానేసినవారు, ఇవన్నీ అప్పటికి గానీ తెలియవు. తొలి నివేదికలోని అంకె మారితే ఎంత మారిందో, ఎందుకు మారిందో అనుబంధంలో రాయాలి. సిఫారసుల్లో వేటిని అమలు చేశారో, వాటి ఫలితం ఏమిటో కూడా అందులోనే నమోదు చేస్తే, మరుసటి ప్రచారానికి ఆధారంగా తీసుకునే అంకెలు సిద్ధంగా ఉంటాయి.

మూల డేటాను మాత్రం అప్పటివరకు వేదికలోనే వదిలేయకూడదు. గూగుల్ అనలిటిక్స్ 4లో వ్యక్తుల స్థాయి వివరాలు ముందుగా అమర్చి ఉన్న ప్రకారం 2 నెలలే నిలుస్తాయి. ఉచిత ఖాతాలో సెట్టింగ్ మార్చుకున్నా 14 నెలలకు మించవు. ప్రచారం ముగిసిన వారంలోనే ప్రతి వేదిక నుంచి రోజువారీ లెక్కలను ఎగుమతి చేసుకొని, తీసిన తేదీ, గడువు అమరిక, టైమ్‌జోన్ వివరాలు రాసి, ప్రచారానికి ముందు అందరి అంగీకారంతో రాసిన ఆ మొదటి పేజీతో పాటు ఒకే ఫోల్డర్‌లో పెట్టాలి.